గల్లీ గుట్టంతా గిర్నిలో భద్రం

ఎవరి డేటా వారి చేతిలోనే ఉండాలట! ఈ మధ్యకాలంలో ఇంతకంటే ప్రమాదకరమైన ఆలోచన మరొకటి పుట్టలేదు.

అయ్యా, అమ్మా, ఒక్కసారి ఆలోచించండి. మనిషికి ఇప్పటికే చేతిలో ఉన్నవి చాలవా? తాళంచెవి ఎక్కడ పెట్టాడో గుర్తుండదు. కళ్లజోడు నెత్తిమీద పెట్టుకొని ఇల్లంతా వెతుకుతాడు. అలాంటివాడికి ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, బీపీ, షుగరు, పరీక్ష మార్కులు అన్నీ మూటకట్టి అప్పగించి, "ఇక వీటికి నువ్వే యజమానివి నాయనా, జాగ్రత్త" అంటే వాడేమైపోవాలి? కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టే కదా!

మన సంగతులు మనకంటే బాగా తెలిసినవాడు ఇంకొకడు ఉండి తీరాలి. అయితే వాడు సముద్రాల అవతల ఉండకూడదు. మన గల్లీలోనే ఉండాలి. మనం జొన్నలు పట్టించుకునే చోట ఉంటే మరీ మంచిది.

రుజువు కావాలా? నాందేడ్ జిల్లాలో ధర్మాబాద్ పక్కన, రెండు అడుగులు వేస్తే తెలంగాణలో పడే ఊరొకటుంది. పేరు చెప్పకూడదు. అది ఊరివాళ్ల వ్యక్తిగత సమాచారం! ధర్మాబాద్ స్టేషన్ బయట ఏ ఆటో అతన్నైనా "ఫోన్ దేవన్న ఊరికి" అని అడగండి, తీసుకెళ్లి గల్లీ మొగదలలో దింపుతాడు.

దేవన్నది ఆ గల్లీలో పిండి గిర్ని. అరవై దాటిన మనిషి. పిండి పడీ పడీ మీసం ఎప్పుడో తెల్లబడింది కాబట్టి వయసు మీద ఆ నింద పడలేదు. ఊళ్లో సెల్‌ఫోన్ అన్నది మొదట కొన్న మహానుభావుడు ఆయనే. కరెంటు ఎప్పుడొస్తుందో లైన్‌మన్‌ని అడగాలి కదా మరి.

ఆధార్ కార్డుల కొత్తలో మెషిన్ పట్టుకొని ఒకాయన ఊళ్లోకి వచ్చాడు. గల్లీ జనం వరసగా నిలబడ్డారు. ముందున్న విమలాబాయిని "మొబైల్ నంబర్?" అని అడిగాడు. ఆమె తెల్లముఖం వేసి, వెనక్కి తిరిగి దేవన్న వైపు చూసింది. "నాది రాయి సాబ్, ఏమైతది" అన్నాడు దేవన్న పెద్దమనసుతో. ఆమె వెనకవాడూ అదే రాయించాడు. వాడి వెనకామె కూడా. చీకటి పడేలోగా గల్లీ గల్లీ అంతా ఒకే నంబరు మీద బతికే ఉమ్మడి కుటుంబమైపోయింది.

ఆ తర్వాత రేషన్ వచ్చినా, గ్యాస్ వచ్చినా, పంట బీమా వచ్చినా, టీకా వచ్చినా ఆ నంబరునే వెతుక్కుంటూ వచ్చాయి. ఇంటింటికీ ఫోన్లు కూడా వచ్చాయి, పిల్లలు రీల్స్‌లో పడి అన్నం తినడమే మానేశారు. అయినా నంబరు మార్చుకోవాలని ఎవరికీ తోచలేదు. ఎందుకు తోచాలి? ఇన్నేళ్లుగా ఉన్న గిర్ని ఎక్కడికి పోతుంది?

గిర్ని తిరుగుతుంటే పక్కవాడి మాట వినపడదు. అందుకని దేవన్న ఓటీపీలు అరిచి చెప్పేవాడు. "విమలా, నీ గ్యాస్‌ది అచ్చింది, రాసుకో" అని మొదలుపెడితే ఆ అంకెలు గల్లీ కొసన కట్టేసిన బర్రెలకు కూడా కంఠతా వచ్చేవి. పారదర్శకత అంటూ పట్నాల్లో సెమినార్లు పెడతారు, పాపం. ఇక్కడ రోజూ పూటపూటా జరిగేది!

దానివల్ల ఎంత లాభమో చూడండి. సూర్యకాంత్ ఖాతాలో పత్తి డబ్బు పడిందని ఊరంతటికీ తెలుసు. కాబట్టి చేబదులు అడిగినవాడితో "చేతిల ఏం లేదు బాబు" అని అబద్ధమాడే పాపం నుంచి ఆయన ఆత్మ బతికిపోయింది. అభయ్ అనే కుర్రవాడు నాందేడ్‌లో క్లాసులో ఉన్నానని ఇంట్లో చెప్పి, నిజామాబాద్‌లో హెల్మెట్ లేకుండా బండి తోలాడు. చలాన్ వాళ్ల నాన్నకంటే ముందు దేవన్నకు వచ్చింది. కుర్రవాడు ఇంటికి చేరేసరికి గల్లీలో ప్రతి గడపా అతనికి బుద్ధి చెప్పడానికి సిద్ధంగా ఉంది. ఇక సోనాలికి నెల తప్పిన సంగతి మొదట తెలిసింది ఫోనుకు, తర్వాత దేవన్నకు, ఆ తర్వాత గోధుమలు పట్టించుకుంటున్న నలుగురు ఆడవాళ్లకు, ఆఖరున ఆమె భర్తకు. ఆయనకు స్వీటు పెట్టి మరీ చెప్పారు.

పెద్ద పెద్ద కంపెనీలకూ మన గుట్టు తెలుసు. మోకాలు నొప్పి అని ఇంట్లో మూలిగితే చాలు, మోకాలి పట్టీ కొనమని ఫోనులో బొమ్మ చూపిస్తాయి. కానీ ఏ కంపెనీ అయినా "నీ షుగర్ రిపోర్ట్ అచ్చింది, ఇగ బెల్లం చాయ్ బంద్ చెయ్" అని గల్లీ వినేట్టు గద్దించిందా? మనవాడనేవాడు ఉంటేనే మన డేటాకు ఆలనాపాలనా.

ఇంత చల్లగా సాగుతున్న రాజ్యంలో తిరుగుబాటు లేవదీసింది చంద్రభాగ.

చంద్రభాగ నలభై దాటిన మనిషి. ధర్మాబాద్ మిర్చి మార్కెట్‌లో మిరపకాయల తొడిమలు తీసే కూలికి పోతుంది. చిన్నప్పుడు మరాఠీ బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివింది. తర్వాత ఇంట్లోవాళ్లు పలక అవతల పెట్టి పత్తి ఏరడానికి పంపారు. ఆ పలక మీద ప్రేమ మాత్రం ఆమెకు చావలేదు. పిల్లలు పెద్దవాళ్లై ఎవరి దారిన వారు పోయాక, ఎవరికీ చెప్పకుండా దహావీ, అంటే పదో తరగతి పరీక్షకు ప్రైవేటుగా కట్టింది.

దేనికమ్మా అంటే ఉద్యోగం కోసమూ కాదు, ఎవరితోనో పంతమూ కాదు. తన పేరు పక్కన "పాస్" అన్న మాట ఒక్కసారి కళ్లారా చూసుకోవాలి, అంతే. భర్త అంబాదాస్ ఒకే ఒకసారి "గిప్పుడెందుకే" అన్నాడు. ఆమె పుస్తకంలో ఇంకో పేజీ తిప్పింది. మంచివాడు, మళ్లీ అడగకుండా రాత్రిపూట రొట్టెలు తానే చేయడం మొదలుపెట్టాడు. అవి నాలుగు మూలలా నాలుగు రకాలుగా ఉండేవి. ఆమె బీజగణితం చేస్తూ అవే తిన్నది.

మొదటి ఏడు నికాల్ వచ్చిన రోజు, ఆ ఫలితం ఎక్కడికి వచ్చి ఉంటుంది? నిజమే, మీరు తెలివైనవాళ్లు. దేవన్న మెసేజ్ చదివి, గిర్ని ఆపి, గల్లీ మధ్యకు వచ్చి నిలబడి గంభీరంగా చెప్పాడు. గల్లీకి దుఃఖం ఆగలేదు.

చంద్రభాగ సాయంత్రం ఆటో దిగి వచ్చేసరికి వాకిట్లో చాపలు పరిచి ఉన్నాయి. ఆడవాళ్లు కొంగులు నోటికడ్డం పెట్టుకొని కూర్చున్నారు. మగవాళ్లు గోడవార నిలబడి నేల చూస్తున్నారు. విమలాబాయి చావు ఇంటికి తెచ్చినట్టు గిన్నెనిండా అన్నం, పప్పు వండి తెచ్చింది.  చంద్రభాగ చేతిలోని టిఫిన్ డబ్బా పడేసి లోపలికి పరుగెత్తింది.

"ఎవలు పోయిండ్రు? మా ఆయనకు ఏమాయె?"

"ఎవలు పోలే బిడ్డా," అన్నాడు దేవన్న ఓదార్పుగా. "నీ గణితం పోయింది."

ఎంత ఆత్మీయత! పట్నంలో పక్క ఫ్లాట్‌వాడు పోయినా తెలియదు. ఇక్కడ లెక్కల పేపరు పోతే దినం చేశారు. ఆమెకు మాత్రం ఆ అన్నం గొంతు దిగలేదు. ఫెయిలైనందుకు కాదు. తన ఫలితం బర్రెలు కూడా విన్నాక తనకు తెలిసినందుకు. రాత్రంతా సిగ్గుతో ఉడికిపోయింది. తెల్లారి పుస్తకాలు మళ్లీ దించింది.

మళ్లీ పరీక్ష కట్టినప్పుడు మనసులో ఒక్కటే అనుకున్నది. ఈసారి పాసైనా సరే, ఫెయిలైనా సరే, మొదట తనకే తెలియాలి. తర్వాత తన నోటితో తానే చెప్పాలి. మిర్చి కూలి డబ్బుతో చిన్న ఫోన్ కొన్నది, సొంత నంబరు తీసుకున్నది. స్వార్థం చూడండి!

సరిగ్గా ఆ రోజుల్లోనే ఊరికి నాందేడ్ నుంచి ఒక సాహెబ్ వచ్చాడు. గ్రామపంచాయతీలో తెల్లదుప్పటి కట్టించి, దాని మీద బొమ్మలు వేసి, "మీ డేటా మీ చేతిలో" అని ఉపన్యాసం ఇచ్చాడు. కొత్త చట్టం వచ్చిందన్నాడు. మీ సమాచారం మీ సొత్తన్నాడు. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు, సొంత తమ్ముడు అడిగినా చెప్పవద్దు అన్నాడు. చప్పట్లు కొట్టించి, అందరి పేరు, వయసు, ఊరు, మొబైల్ నంబరు రాయించుకొని, ఫోటోలు తీసుకొని వెళ్లాడు. అందరూ దేవన్న నంబరే రాశారు.

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు దేవన్న. అందరికంటే ఎక్కువ బాధపడ్డవాడు కూడా ఆయనే. ఇన్నేళ్లు గల్లీ సొత్తును నడిబజారులో అరిచి పారేశానా అని ఆ పూట అన్నం సరిగా తినలేదట. మర్నాడు పొద్దున విమలాబాయి గిర్నికి వచ్చింది.

"మామా, నా గ్యాస్‌ది అచ్చిందా?"

"అచ్చింది."

"చెప్పు మరి."

"చెప్ప. అది నీ సొంతం. ఒకలి సొంతం నేను ఇంకొకలకు చెప్ప."

"నాకే చెప్పుమంటున్న మామా."

"సాహెబ్ ఎవలకు చెప్పద్దన్నడు. ఎవలకు అంటె అండ్ల నువ్వు గూడ అస్తవ్."

సిలిండర్ల బండి గల్లీలో కాసేపు నిలబడి, హారన్ కొట్టి, వచ్చిన దారినే పోయింది. విమలాబాయి పత్తికట్టెలు ముట్టించి, పొగలో దగ్గుతూ, సాహెబ్‌ను, ఆయన తెల్లదుప్పటిని నోరారా దీవించింది. బ్యాంకు పని మీద ధర్మాబాద్ వెళ్లిన సూర్యకాంత్ అక్కడినుంచి ఎన్నిసార్లు ఫోన్ చేసినా దేవన్న పెదవి విప్పలేదు. వారం తిరగకుండా గల్లీలో ఏ పనీ కాకుండా పోయింది. ఇదీ సంపూర్ణ రక్షణ అంటే! సొంతదారుకే దొరకని సొమ్మును ఏ దొంగ ఎత్తుకుపోగలడు?

చంద్రభాగ ఇవేవీ పట్టించుకోకుండా ధర్మాబాద్‌లో ఆన్‌లైన్ పనులు చేసే వైభవ్ దుకాణానికి వెళ్లింది. వైభవ్‌ది నాయ్‌గావ్. ఎవరి పని చేస్తున్నా కన్ను స్క్రీన్ మీద, చెవి ఫోన్‌లో, చెయ్యి చాయ్ గ్లాసు మీద ఉంచగల నేర్పరి. పరీక్షల ఖాతాలో పాత నంబరు తీసేసి తన నంబరు పెట్టమని అడిగిందామె.

"వేలు పెట్టు మావశీ," అన్నాడు, పిన్నిని పిలిచినట్టు.

ఆమె పెట్టింది. మెషిన్ ఎర్రగా వెలిగి కాదన్నది. ఇంకో వేలు పెట్టింది. అదీ కాదన్నది. పదివేళ్లూ అయిపోయాయి. ఇన్నేళ్లు తొడిమలు తీసీ తీసీ, కారం తిన్న వేళ్ల మీద గీతలు ఎప్పుడో అరిగిపోయాయి.

"వేలు లేదంటుంది మావశీ."

"ఉన్నది గద బాబు, కనవడతలేదా?"

"నాకు కనవడుతుంది. దానికి కనవడతలేదు. ఓటీపీతోని చేద్దాం. పాత నంబర్‌కు పోతది, అడుగు."

అంటే, అర్థమైంది కదా? దేవన్న చేతిలోంచి బయటపడడానికి దేవన్న అనుమతి కావాలి. ఎంత గొప్ప ఏర్పాటు! చంద్రభాగ తన కొత్త ఫోన్‌లోంచి దేవన్నకు కలిపింది.

"మామా, నేను చంద్రభాగను. నీ ఫోన్ల ఒక నంబర్ వడ్డది చూడు."

"వడ్డది."

"అది నాదే. జర చెప్పు."

"నువ్వు చంద్రభాగవే అని నాకెట్ల ఎర్క?"

"నా గొంతు ఎర్క లేదా మామా?"

"గొంతులు గూడ దొంగతనం చేస్తున్నరని సాహెబ్ చెప్పిండు."

"పెండ్లయ్యి అచ్చిన కాడికెల్లి నీ గిర్నిలనే పట్టిస్తున్న గద."

"దొంగ గూడ గట్లనె అంటడు బిడ్డా," అని దేవన్న ఫోన్ పెట్టేశాడు.

చంద్రభాగ ఆటోలో తిరిగి వస్తూ దారిపొడుగునా పళ్లు కొరికింది. గల్లీలో దిగి తిన్నగా గిర్ని ముందుకు వెళ్లి నిలబడింది. నోరు చేసుకోవాలనే వచ్చింది. కానీ లోపల దేవన్న ఒక చేత్తో గిర్ని చూసుకుంటూ, రెండో చేత్తో జేబులో ఫోన్‌ను గట్టిగా పట్టుకొని ఉన్నాడు, ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు. ఆ అవతారం చూసేసరికి ఆమెకు కోపం పోయింది. గిర్ని ఆగేదాకా నిలబడింది.

"మామా, ఒక మాట ఇను. పోయినేడు నా నికాల్ నువ్వు చూసినవ్. గల్లంత చూసింది. ఆఖర్ల నేను చూసిన."

దేవన్న భుజం మీది కండువా తీశాడు.

"గీసారి పాసైన, ఫేలైన, మొదలు నాకే ఎర్కగావాలె. ఆమీద నేనే నా నోటితోని మీకు చెప్త. నాకు ఇంకేమద్దు. గందుకే తిరుగుతున్న."

"పోయినేడు చెప్పుడు తప్పయ్యిందా బిడ్డా?"

"నువ్వు మంచికే చెప్పినవ్ మామా. నాకే మంచిగ అనిపియ్యలే."

దేవన్న కండువాతో మొహం తుడుచుకున్నాడు, పిండి ఇంకాస్త పులుముకుంది. చాలాసేపు ఆలోచించాడు. ఒకవైపు సాహెబ్ మాట, ఇంకోవైపు కోడలి వరసైన పిల్ల. చివరికి గిర్నికి తాళం వేశాడు. "పా. చెప్పనైతె చెప్ప. గని నేనే నీతోని అస్త," అన్నాడు.

వైభవ్ దుకాణంలో దేవన్న తన వ్రతం చెడకుండా పని జరిపించాడు. ఫోన్‌ను బల్ల మీద పెట్టి, మొహం గోడవైపు తిప్పుకొని, అక్కడున్న క్యాలెండర్‌లో ఏకాదశులు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాడు. వైభవ్ చాయ్ తాగుతూ ఓటీపీ కొట్టాడు. తలుపు తెరుచుకుంది. వెంటనే దాని వెనక ఇంకో తలుపు! "నిబంధనలు, షరతులు, అంగీకారం" అంటూ స్క్రీన్ నిండా చిన్న చిన్న మరాఠీ అక్షరాలు చీమల్లా బారులు తీరాయి.

"అన్నిటికి హో అను మావశీ," అన్నాడు వైభవ్.

చదవకుండా అవుననడానికి చంద్రభాగ ఒప్పుకోలేదు. రెండేళ్లు మరాఠీ గద్యభాగం చదివిన మనిషి. చీర కొంగుతో స్క్రీన్ తుడిచి, కళ్లు చికిలించి, పెదవులు కదిలిస్తూ మొదటి పంక్తి నుంచి చదవసాగింది. మీ సమాచారాన్ని మా భాగస్వాములతో, వారి భాగస్వాములతో, వారు తగునని తలచిన వారితో అన్నదాకా వచ్చింది. ఇంతలో స్క్రీన్ తెల్లబడి, సమయం అయిపోయింది, మొదటినుంచి రమ్మన్నది.

"అయ్యిందా బిడ్డా?" అన్నాడు దేవన్న గోడవైపే చూస్తూ.

"లేదు మామా, మళ్ల మొదలుకెల్లి అట."

"ఇది చదువుతందుకు కాదు మావశీ," అన్నాడు వైభవ్ మంచిగానే. "నొక్కుతందుకు. నొక్కకపోతె ముందలికి పోదు. నేను గూడ ఎన్నడు చదవలే."

రెండో ఓటీపీ వచ్చింది. బయట ఆటో అతను హారన్ కొడుతున్నాడు. దేవన్న కాళ్లు గుంజుతున్నాయని చెప్పకుండా ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాడు. చంద్రభాగ నొక్కింది. ఒకదాని కింద ఒకటి, ఎన్ని గళ్లుంటే అన్ని గళ్లలో టిక్కులు పడ్డాయి. ఆ క్షణం నుంచి ఆమె తన డేటాకు సర్వాధికారి అయింది. ఆటోలో ఆ ఫోన్‌ను రొమ్ముకు అదుముకొని కూర్చుంది. దేవన్న దారి పొడుగునా తన జేబు తడుముకుంటూ, "జర తేలికైంది" అన్నాడు.

నికాల్ రోజు రానే వచ్చింది. మే నెల ఎండ. మధ్యాహ్నం ఫలితాలు వస్తాయని పొద్దున్నుంచే గల్లీకి తెలుసు.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఫలితం చూడాలంటే కావలసినవి రెండే, పరీక్ష నంబరు, తల్లి పేరు. పరీక్ష నంబరు ఆమె హాల్ టికెట్ తెచ్చుకున్న రోజే విమలాబాయి చూసి ఉంచింది. తల్లి పేరు రహస్యమా? చంద్రభాగ తల్లి లచ్చుబాయి కూతురి కాన్పుకు వచ్చి మూడు నెలలు ఆ గల్లీలోనే ఉండి, అందరికీ మినప గారెలు చేసిపెట్టి వెళ్లిన మనిషి. అంటే గల్లీలో ఎవరైనా చిటికెలో చూసేయవచ్చు. వేళ్లు దురద పెడుతున్నాయి కూడా.

ఎవరూ చూడలేదు. అభయ్ ఫోన్ బయటికి తీయబోతే విమలాబాయి లాక్కొని జొన్నల గంపలో పాతిపెట్టింది. సూర్యకాంత్ తన ఫోన్ మీద తానే కూర్చున్నాడు. దేవన్న, ఇప్పుడు తన నంబరుకు ఏమీ రాదని తెలిసి కూడా, ఎందుకైనా మంచిదని ఫోన్ ఆపేసి పిండి డబ్బాలో వేసి మూతపెట్టాడు. ఒక కూలిమనిషి మార్కులు ఆమెకే ముందు తెలియాలని, గల్లీ గల్లీ అంతా నోరు కట్టుకొని కూర్చున్నది. ఏ చట్టం చేయించింది ఈ పని? ఆమె అడిగింది, వాళ్లు విన్నారు.

చంద్రభాగ ఆ రోజు కూలికి పోలేదు. తల స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకొని, ఫోన్ తీసుకొని ఊరి బయట చేలో మోటారు పంపు గది నీడకు వెళ్లింది. అక్కడ మనిషి అలికిడి లేదు. కూర్చుంది. నంబరు కొట్టింది. లచ్చుబాయి అని ఒక్కో అక్షరం వెతుక్కొని కొట్టింది.  నొక్కింది. తెర మీద చిన్న చక్రం తిరగసాగింది. ఆమె గుండె దానికంటే వేగంగా తిరిగింది. పాసైతే ముందు అంబాదాస్‌కు చెప్పాలా, దేవన్నకు చెప్పాలా? ఏ మాటతో మొదలుపెట్టాలి? ఏడాదిగా మనసులో ఎన్నో రకాలుగా అనుకొని చూసుకున్నది. చక్రం తిరుగుతూనే ఉంది.

ఫోన్ మోగింది. చక్రం మాయమైంది.

"చంద్రభాగ మేడమేనా మాట్లాడేది?" అన్నది ఒక మగ గొంతు, మరాఠీలో, తేనె కారుతూ.

"అవు. మీరెవలు?"

"హార్దిక అభినందనలు మేడమ్! మీరు దహావీ పాసయ్యారు. మరాఠీలో డెబ్బై రెండు. చాలా బాగా వచ్చింది. గణితంలో నలభై ఒకటి, అది కాస్త తక్కువ. పదకొండో తరగతికి గణితం బలపడాలంటే మా క్లాసుల్లో చేరండి. మేం పుణె నుంచి మాట్లాడుతున్నాం. ఈ వారంలో చేరితే బ్యాగు ఉచితం."

చంద్రభాగ తెర మీద చక్రం ఉన్న చోటు ఒకసారి చూసి, ఫోన్ మళ్లీ చెవికి పెట్టుకున్నది.

"నేను ఇంక చూడనే లే," అన్నది.

"ఫర్వాలేదు మేడమ్. మేం చూశాం."

"మీకెవలు ఇచ్చిండ్రు నా నంబరు, నా మార్కులు?"

"మీరే మేడమ్. మీ పూర్తి అంగీకారంతోనే. మీరు హో అన్న తేదీ కూడా మా దగ్గరుంది. ఇంకేమైనా వివరాలు కావాలా?"

చూశారా, సేవ అంటే ఇది! దేవన్న అయితే గిర్ని ఆపాలి, మెసేజ్ కూడబలుక్కొని చదవాలి, గల్లీ మధ్యకు నడిచి రావాలి. పుణెవాడికి అవేవీ అక్కర్లేదు. వాడికి ఆమె ఊరు తెలియదు, గల్లీ తెలియదు, లచ్చుబాయి గారెలు తెలియవు, ఆమె ఎందుకు పరీక్ష రాసిందో అసలే తెలియదు. మార్కులు మాత్రం తెలుసు. ఇంత సదుపాయం ఉండగా ఇంకా మన డేటా మన చేతిలో ఉండాలని గొంతు చించుకుంటామేం?

చంద్రభాగ ఫోన్ పెట్టేసి మళ్లీ నంబరు కొట్టలేదు. చూడాలనిపించలేదు. పాసైనందుకు సంతోషం వచ్చింది, రాకపోలేదు, కానీ అది పక్కింట్లో పెళ్లిలా దూరంగా వినిపించింది. ఎండలో మెల్లగా నడుచుకుంటూ గల్లీకి వచ్చింది.

గల్లీ మొత్తం గిర్ని ముందు ఉన్నది. ఎవరూ చాపలు పరవలేదు. ఎవరూ అన్నం తేలేదు. అంబాదాస్ ఆమె మొహం చూసి ఏమీ తేల్చుకోలేక దేవన్న వైపు చూశాడు. దేవన్న రెండు చేతులూ పైకెత్తి చూపించాడు.

"ఫోన్ పిండి డబ్బల వెట్టిన బిడ్డా. మా ఎవలకు ఏం ఎర్కలే. ఒట్టు. నువ్వే చెప్పాలె."

ఆమె నోరు తెరిచింది. ఇన్నాళ్లు దాచుకున్న ఆ ఒక్క మాట నాలుక దాకా వచ్చింది. వచ్చాక తెలిసింది, అది ఎవడో కొరికి వదిలేసిన ఎంగిలి ముక్క అని. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పాసే మామా," అన్నది. "పుణెల ఎవడో ఫోన్ చేసి చెప్పిండు."

గల్లీలో కేకలు వేయబోయినవాళ్లు ఆగిపోయారు. విమలాబాయి గంపలోంచి తీసిన ఫోన్ చేతిలో పట్టుకొని అలాగే నిలబడింది. దేవన్న మొహంలో మొదట అయోమయం, తర్వాత అవమానం, ఆ తర్వాత కోపం వచ్చాయి.

"గదేంది బిడ్డా? మేము గింతమందిమి పొద్దటికెల్లి నోరు మూసుకొని కూసుంటిమి. వాడెవడు ముందుగాల చూసుటానికి? వానికి ఎవలు ఒప్పుకున్నరు?"

చంద్రభాగ కొంగుతో కళ్లు తుడుచుకున్నది.

"నేనే అట మామా," అన్నది.